నాన్న జబ్బ మీది పట్టీ

అమ్మకు,

నీ చిన్నకూతురు దణ్ణం పెట్టి రాసేది. ఇక్కడ నాన్న, నేను, నూనె కోసం కిచకిచలాడే నా కుట్టుమిషను, ముగ్గురం కులాసా. అక్కడ నువ్వు, అక్క, బావ, మీకు కంటిమీద కునుకు లేకుండా చేస్తున్న ఆ కవలలిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారమే అందింది. జవాబు ఆలస్యమైందని కోప్పడకు. ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు ఒక మాట అడిగి జవాబు వినేలోపు పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తాడు, వాణ్ణి చూసి పిల్ల అందుకుంటుంది. పైగా ఫోనులో అబద్ధం చెప్పడం తేలిక. కాగితం మీద అయితే చెయ్యి ఆగుతుంది. అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నం, నాన్న కాస్త నడుం వాల్చినప్పుడు, కత్తిరింపుల బల్ల ఖాళీ చేసుకుని కూర్చున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పెరటి తలుపు గడియ వేస్తున్నావా అని అడిగావు. వేస్తున్నాను. వేసి, లాగి చూసి, పడుకున్నాక మళ్లీ లేచి వెళ్లి ఇంకోసారి చూస్తున్నాను. ఈ జబ్బు నీ నుంచి నాకు వచ్చింది, దీనికి మందు కూడా లేదు. నాన్న వేళకు తింటున్నాడా అని అడిగావు. తింటున్నాడు, నా వంటకు వంకలు పెడుతూ తింటున్నాడు. నీ చేతి వంట తిన్న నోరు, పాపం ఏం చేస్తుంది.

ఇక అసలు ప్రశ్న. రెండు పేజీల ఉత్తరంలో పేజీన్నర దాని మీదే రాశావు. “మీ నాన్న నిన్ను బుట్టలో వేసుకున్నాడు. జబ్బకు అంటించేది నికోటిన్ అట. అంటే సిగరెట్టులో ఉండేదే కదా. ఇరవై ఏళ్ల కిందట నేను బకెట్టు నీళ్లలో ముంచి పారేసిన దాన్ని ఇప్పుడు డాక్టరు చేత చీటీ రాయించుకుని దొడ్డిదారిన ఇంట్లోకి తెచ్చుకున్నాడు” అన్నావు. చదివి వినిపిస్తే నాన్న పడీపడీ నవ్వాడు. “మీ అమ్మ జడ్జీ కావలసింది, తప్పిపోయింది” అన్నాడు.

అమ్మా, నాన్న సిగరెట్టు ముట్టలేదు. నేను నీ కూతుర్నే, చొక్కాలు నానబెట్టే ముందు వాసన చూస్తున్నాను. సంగతి ఏమిటంటే, పొగ తాగేవాళ్లలో ఈ పార్కిన్సన్స్ జబ్బు కాస్త తక్కువగా కనబడుతోందని డాక్టర్లు ఎప్పటినుంచో గమనించారట. అది నికోటిన్ గొప్పతనమా, ఇంకేదైనా కారణమా, ఇంతవరకు తేలలేదు. అలాగని సిగరెట్టు తాగమని ఏ డాక్టరూ చెప్పరు. నాన్న ఆశగా అడిగాడు కూడా, ఒకటి రెండు తాగితే తప్పా అని. “ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటారా?” అంది డాక్టరమ్మ. నువ్వే ఆవిడలో దూరి మాట్లాడావేమో అనిపించింది నాకు.

అందుకని పొగ లేకుండా, నికోటిన్ ఒక్కటే చర్మంలోంచి కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగేలా పట్టీలు ఇచ్చారు. రోజుకొకటి అంటించుకోవాలి. ఇది వైద్యం కాదమ్మా, పరీక్ష. చేరినవాళ్లలో సగం మందికి మందున్న పట్టీ, సగం మందికి మందులేని ఉత్తి పట్టీ. రెండూ చూడ్డానికి ఒకటే. పెట్టె మీద నంబరు తప్ప ఏమీ ఉండదు. ఎవరికి ఏది వచ్చిందో మనకూ తెలియదు, నర్సమ్మకూ తెలియదు, ఆఖరికి డాక్టరమ్మకూ తెలియదు. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందట. రెండు వారాలకోసారి గురువారం నాడు వెళితే వేళ్లు ఆడించమంటారు, వరండాలో నడవమంటారు, కాగితం మీద నత్తగుల్లలా చుట్లు చుట్లుగా గీత గీయమంటారు. ఇంటి దగ్గర నేను రోజూ డైరీ రాయాలి, చెయ్యి ఎలా ఉంది, నిద్ర ఎలా పట్టింది, తల తిరిగిందా అని. మామూలు మాత్రలు మామూలే.

నువ్వు అక్క దగ్గరికి వెళ్లేనాటికి నాన్న పరిస్థితి నీకు తెలుసు. గాజు కోయడం మానేశాడు. ఫొటోలకు ఫ్రేములు కట్టే మనిషి గాజు ముట్టకపోతే షాపు ఎందుకు? చెక్క పట్టీలు నేను కోసి మేకులు కొట్టేదాన్ని. గాజు బదులు ప్లాస్టిక్ పలక వేసి ఇచ్చేవాళ్లం. వచ్చినవాళ్లు వేలితో తట్టి చూసి, మొహం అదోలా పెట్టి పట్టుకుపోయేవాళ్లు. నాన్న వాళ్ల మొహం చూడలేక లోపలికి వెళ్లిపోయేవాడు. గాజుకు ఒకటే గీత కదమ్మా. స్కేలు ఆనించి, గాజు కోసే కలం నొక్కి, ఆపకుండా ఒక్క లాగు లాగాలి. మధ్యలో చెయ్యి వణికినా, పోయిన గీత మీద రెండోసారి గీసినా పలక ఎటు పగులుతుందో తెలియదు. నాన్నకు కావలసింది ఆ ఒక్క గీత. ఆయన ఆ పరీక్షలో చేరింది అందుకే, నేను చేర్పించింది కూడా అందుకే.

పట్టీ మొదలైన మూడో వారంలో గీత వచ్చింది. చిన్న పలకే, ఎవరిదో కాలేజీ పట్టా. సర్రుమని గీసి, బల్ల అంచున పెట్టి విరిస్తే వెన్నలా విరిగింది. నాన్న ఆ ముక్కను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. నేను మిషను ఆపి కళ్లు తుడుచుకున్నాను. ఆ రోజు నీకు రాసిన ఉత్తరం నీ దగ్గరే ఉండాలి, నాలుగు పేజీలు.

ఆ తర్వాతి ఉత్తరం నాలుగు ముక్కల్లో ఎందుకు ముగించావని అడిగావు. ఆ డ్రైవరు ఎవరు, పొద్దున్నే మనింట్లో ఏం పని అని కూడా అడిగావు. ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒక్కటే. ఇప్పుడు చెప్తున్నాను, పూర్తిగా చదివాకే తిట్టు.

ఆయన్ను నేను డ్రైవరు బాబాయి అంటాను. ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. మన వీధికి రెండు వీధుల అవతల ఒక్కడే ఉంటాడు, పిన్ని పోయి నాలుగేళ్లయింది. ఆసుపత్రి బెంచీ మీద నాన్న పక్కన కూర్చున్నాడు, అంతే, స్నేహం కుదిరింది. ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఒకటే పరీక్ష. జీవితంలో సిగరెట్టు ముట్టని మనిషి. “బస్సు దిగి ఆరేళ్లయింది తల్లీ, నా చేతులు మాత్రం ఇంకా గతుకుల రోడ్డు మీదే ఉన్నాయి” అని నవ్వుతాడు.

ఒకరోజు చొక్కా పట్టుకుని వచ్చాడు. గుండీలు తీసేసి, నొక్కితే పట్టుకునే బటన్లు వేసిపెట్టమన్నాడు. గుండీ పెట్టుకోవడానికి పావుగంట పడుతోందట. ఒక్కోరోజు పక్కింటివాళ్లను పిలవాల్సి వస్తోందట. నవ్వుతూనే చెప్పాడు. నాన్న అదే రోజు ఇంకో పలక శుభ్రంగా కోసి ఉన్నాడు. ఆయన వెళ్లాక నాన్న నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“అమ్మాయ్, నాది మందు పట్టీ. ఆయనది ఉత్తిది.”

“అలా తెలియకూడదనే కదా నాన్నా, అంత కట్టుదిట్టం చేశారు.”

“తెలిసిపోయింది, ఏం చేయమంటావు? ఒకే బెంచీ మీద కూర్చుని ఒకడు తింటూ ఉంటే ఒకడు చూస్తున్నాడు. నాకు గొంతు దిగడం లేదు.”

“అయితే ఏం చేద్దామంటావు?”

“నీ చేతిలో కత్తెర ఉందిగా. చెరి సగం చెయ్యి.”

అమ్మా, నేను వద్దనాల్సింది. అనలేదు. తప్పు అక్కడే ఉంది, నాన్న అడగడంలో లేదు. ఒకరి గుడ్డ తక్కువైతే అటూ ఇటూ సర్ది ఇద్దరు పిల్లలకూ గౌన్లు కుట్టి పంపిన దాన్ని. మందును కూడా గుడ్డే అనుకున్నాను. సగమైనా ఇద్దరికీ అందుతుంది కదా అనుకున్నాను.

మర్నాటి నుంచి ఏడు గంటలకల్లా డ్రైవరు బాబాయి తన పెట్టె పట్టుకుని వచ్చేవాడు. ఇద్దరి పట్టీలూ పక్కపక్కన పెట్టి, అంచులు కలిపి, చిన్న కత్తెరతో సరిగ్గా మధ్యకు కోసేదాన్ని. ఒక్కొక్కరికి ఆ పట్టీలో సగం, ఈ పట్టీలో సగం. వాడేసిన పట్టీలు మడిచి సంచిలో వేసి ఆసుపత్రికి తిరిగి ఇవ్వాలి, నర్సమ్మ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటుంది. సగాలను అంచుకు అంచు కలిపి, జిగురు లోపలికి పెట్టి మడిచేదాన్ని. అతుకు కనపడకుండా చేయడం నాకు ఒకరు నేర్పాలా? డైరీలో మాత్రం “పట్టీ ఒకటి” అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేదాన్ని.

మొదటి రెండు రోజులు డ్రైవరు బాబాయికి కడుపులో తిప్పింది, మన మెట్ల మీదే తల పట్టుకుని కూర్చున్నాడు. నేను హడలిపోయాను. నాన్న మాత్రం, “చూశావా, అలవాటు లేని ఒంటికి మందు తగిలింది” అని సంబరపడ్డాడు. మూడో రోజుకు తగ్గింది. మూడు వారాలకు పై రెండు గుండీలు తనే పెట్టుకుని వచ్చి, ఛాతీ విరుచుకుని మా ముందు నిలబడ్డాడు. ముగ్గురం నవ్వుకున్నాం. ముప్పై ఎనిమిది రోజులు అలా గడిచాయి. నీకు నాలుగు ముక్కల ఉత్తరం రాసింది ఆ రోజుల్లోనే.

కిందటి కిందటి గురువారం ఆసుపత్రికి వెళ్లాం. నాన్నను నర్సమ్మ వరండాలో నడిపిస్తోంది. డైరీ మీద సంతకం కోసం డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. నా ఈడు మనిషే, కాకపోతే నాలా గలగలా మాట్లాడదు. ఇద్దరూ గీసిన గీతల కాగితాలు బల్ల మీద పరిచింది.

“మీ నాన్నగారి గీత అలాగే నిలబడింది. డ్రైవరు గారిది నెల నుంచి కాస్త కుదురుకుంది. ఎవరికి ఏది వెళుతోందో నాకు తెలియదు. కానీ రేపు ఎంతోమందికి ఈ మందు ఇవ్వాలా వద్దా అనేది ఇలాంటి కాగితాలు చూసే తేలుస్తారు. లేని గుణం ఉందనుకుంటే అంతమంది ఒంట్లోకి అనవసరంగా నికోటిన్ ఎక్కించినట్టు. ఉన్నది లేదనుకుంటే అదో నష్టం. అన్నట్టు, మీ డైరీ చూపించి ఇలా రాయండని నర్సమ్మ అందరికీ చెబుతోంది.”

ఆ మెప్పుకోలు నాకు మింగుడుపడలేదమ్మా. తల వంచుకుని, ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను.

“ఎన్నాళ్ల నుంచి?” అని అడిగింది.

“ముప్పై ఎనిమిది రోజులు.”

కళ్లద్దాలు తీసి, కోటు అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. కేకలు వేసి ఉంటే బాగుండేది. “కోసిన పట్టీలోంచి మందు ఎంత దిగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆయనకు తల తిరిగినప్పుడు మీ మెట్ల మీంచి పడి ఉంటే?” అంది. ఆ మాట అంతకుముందు నాకు తట్టలేదంటే నువ్వు నమ్మవు.

పట్టీలు కోయకముందు గడిచిన మొదటి యాభై రెండు రోజులు లెక్కలో ఉంటాయని, తర్వాతవి పనికిరావని, ఇద్దరికీ పట్టీలు ఆపేయాలని చెప్పింది. ఎవరిది ఏ పట్టీయో ఇప్పుడైనా చెప్పమని అడిగాను. పరీక్ష పూర్తయ్యేదాకా తనకు కూడా చెప్పరంది. డ్రైవరు బాబాయిని లోపలికి పిలిచి ఆమే చెప్పింది. ఆయన అంతా విన్నాడు. తర్వాత, “పోనీలే తల్లీ, సగం టిక్కెట్టు పిల్లలకే కానీ ముసలాళ్లకి చెల్లదని కండక్టరు ఇప్పుడు పట్టుకున్నాడు” అన్నాడు. నా తల మీద చెయ్యి వేశాడు, ఆ చెయ్యి ఆడుతూనే ఉంది.

నాన్నకు నేనే చెప్తానని బతిమాలాను. “రెండు వారాలాగి గురువారం మళ్లీ తీసుకురండి. ఆలోపు చెప్పండి. లేదంటే నేను చెప్పాల్సి వస్తుంది” అంది డాక్టరమ్మ. డ్రైవరు బాబాయి చేత నోరు విప్పనని ఒట్టు వేయించుకున్నాను.

ఇప్పుడు అసలు ఒప్పుకోవలసింది. నేను చెప్పలేదమ్మా. ఆ సాయంత్రం మందుల షాపులో మామూలు ప్లాస్టరు చుట్ట కొన్నాను, ఒంటి రంగుది. పాత పట్టీ కొలత నాకు కంఠతా వచ్చు. ముక్క కోసి, మూలలు గుండ్రంగా తీర్చి, మర్నాడు నాన్న జబ్బకు అంటించాను. “కొత్త రకం పట్టీలు నాన్నా, ఇక ఇద్దరికీ మందువే ఇస్తున్నారు, పంచుకునే పని లేదు” అన్నాను. “ఓహో” అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఈ రోజుకు పది పొద్దుటిపూటలు అంటించాను. మొన్న మంగళవారం బడి పిల్లల గ్రూపు ఫొటోకు పెద్ద పలక కోశాడు, జానెడు తక్కువ రెండు మూరలు. ఒకటే గీత. నేను అది చూసి, తెల్లారితే ఇక చెప్పేయాలి అనుకున్నదాన్ని నోరు మూసుకున్నాను. ఉత్తి ప్లాస్టరుతో ఆ చెయ్యి నిలబడుతోంటే, నా మాటతో దాన్ని ఎలా పడగొట్టను?

గురువారం ఇంకో నాలుగు రోజులే ఉంది. నీ సలహా వచ్చేలోపు ఆ రోజు వచ్చేస్తుందని తెలుసు. అయినా నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించడం లేదు. నాన్న లేచిన అలికిడి వినిపిస్తోంది. మిగతాది తర్వాత రాస్తాను.

సోమవారం సాయంత్రం.

అమ్మా, నిన్న ఆ మాట దగ్గర ఆపి మంచిపని చేశాను. ఉత్తరం పోస్టు చేసేసి ఉంటే నీకు సగం సంగతే తెలిసేది.

ఈ రోజు ఎప్పటిలాగే ఏడింటికి ప్లాస్టరు ముక్క పట్టుకుని వెళ్లాను. నాన్న చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాడు. అంటించబోతుంటే జేబులోంచి ఒక కొత్త ప్లాస్టరు చుట్ట తీసి నా చేతిలో పెట్టాడు.

“నీ చుట్ట అయిపోవచ్చింది కదా. ఇది వాడు. నువ్వు తెచ్చింది నాసిరకం, మధ్యాహ్నానికల్లా చెమటకు ఊడిపోతోంది.”

చుట్టను అటూ ఇటూ తిప్పి చూశాను. కాసేపటికి, “నీకు ఎప్పటి నుంచి తెలుసు?” అన్నాను.

“ఆ గురువారం సాయంత్రం నుంచే. ఆ డ్రైవరు నోట్లో నువ్వుగింజ నానుతుందా?”

“మరి పదకొండు రోజులూ చెయ్యి ఎందుకు చాచావు నాన్నా?”

“అంటిస్తున్నంతసేపూ నీ వేళ్లు వణుకుతున్నాయి. వణికేవాణ్ణి ఆపమంటే ఇంకా వణుకుతాడు, ఆ సంగతి నాకు తెలిసినంత నీకేం తెలుసు? అందుకని ఊరుకున్నాను.”

నేను అక్కడే కింద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే, “మరి మంగళవారం పెద్ద పలక? ఉత్తి ప్లాస్టరని తెలిసే కోశావా?” అని అడిగాను. నాన్న బల్ల కింద ఉన్న పాత రంగు డబ్బాను కాలితో ముందుకు నెట్టాడు. నిండా గాజు ముక్కలు. వంకర గీతలు, రెండేసి గీతలు, నక్షత్రంలా పగిలినవి. మంగళవారం ఆ పెద్ద పలకకు ముందు రెండు పలకలు పోయాయట, నేను బజారుకు వెళ్లినప్పుడు. ఈ డబ్బా మొదలైంది మాత్రం పట్టీ వేసుకున్న మొదటి వారంలోనేనట.

“డైరీలో ‘బాగుంది’ అని రాయించావే!” అన్నాను.

“నువ్వు కలం పట్టుకుని, ‘ఇవాళ బాగుంది కదా నాన్నా’ అంటూ నా మొహంలోకి చూస్తూ కూర్చునేదానివి. లేదని ఎలా చెప్పను? బాగున్న రోజు నీ ముందు కోశాను. బాగాలేని రోజు నువ్వు లేనప్పుడు కోశాను. మందుందో లేదో నాకు తెలియదమ్మాయ్. ఉందని నువ్వు నమ్మావు, నువ్వు నమ్ముతున్నావు కదా అని నేనూ నమ్మాను.”

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. తర్వాత నాన్న చేసిన పని విను. డబ్బా బల్ల మీద బోర్లించాడు. ఆయన అలవాటు నీకు తెలుసు కదా, కోసేముందు ప్రతి పలక మూలనా మైనపు పెన్సిలుతో ఆర్డరు నంబరు వేస్తాడు. పగిలిన ముక్కల మీద ఆ నంబర్లన్నీ అలాగే ఉన్నాయి. ఆర్డరు పుస్తకంలో నంబరు పక్కన కోసిన తేదీ ఉంటుంది.

“మొదటి యాభై రెండు రోజులు లెక్కలో ఉంటాయన్నదట కదా ఆవిడ. అందులో నేను నీ చేత అబద్ధం రాయించిన రోజులు ఏవో తీద్దాం. మన పట్టీలు మనం పాడు చేసుకున్నాం. ఆ మిగిలిన ముక్క అయినా నిజంగా ఉండాలి. ఎవడో నాలాంటివాడు రేపు దాన్ని నమ్ముకుని చెయ్యి చాస్తాడు” అన్నాడు.

పొద్దుటి నుంచి అదే పని. నేను నంబరు చదవడం, నాన్న పుస్తకంలో తేదీ చూడడం. డ్రైవరు బాబాయి వచ్చి ముక్కలు ఏరి పెట్టాడు. ఒట్టు సంగతి అడిగితే, “నోటితో చెప్పలేదు తల్లీ, ఏడ్చేశాను, మీ నాన్నకు అర్థమైపోయింది” అన్నాడు. యాభై రెండు రోజుల్లో నేను “బాగుంది” అని రాసినవి నలభై ఆరు. అందులో పంతొమ్మిది రోజుల ముక్కలు ఆ డబ్బాలో దొరికాయి. గురువారం ముగ్గురం వెళ్లి ఆ జాబితా డాక్టరమ్మకు ఇస్తాం. మేం ఇచ్చినదాన్ని లెక్కలోకి తీసుకుంటుందో, మొత్తం చింపి పారేస్తుందో ఆవిడ ఇష్టం. మందు సంగతి ఎప్పటికో గానీ తేలదు. తేలినప్పుడు మంచిదే అని తేలితే సంతోషం. కాదని తేలితే అదీ తెలియవలసిందేనని నాన్న అన్నాడు. నీ బకెట్టే గెలిచినట్టవుతుందట.

ఇందాక ఒకాయన పటం కట్టమని తెచ్చాడు. ఎప్పటికి అవుతుందని అడిగితే, “మంచి రోజు చూసి కోస్తానండీ” అన్నాడు నాన్న. ఆయన బుద్ధిగా తల ఊపి వెళ్లాడు. మంచి రోజంటే నాన్న చెయ్యి కుదురుగా ఉన్న రోజని ఆయనకేం తెలుసు. అలా రోజు చూసి కోస్తాడట, కుదురు లేని రోజు స్కేలు నేను పట్టుకోవాలట, అయినా పోతే నా ముందే పోతుందట. పటం కట్టించుకునేవాళ్లు నాలుగు రోజులు ఆగుతారులే అన్నాడు.

నేను అలవాటు కొద్దీ ఒక తెల్లకాగితం తీసి, ఈ రోజు తేదీ వేసి, ఏమీ అనకుండా ఆయన వైపు చూశాను. తన చెయ్యి తనే కాసేపు చూసుకున్నాడు. “బాగాలేదు అని రాయి” అన్నాడు. రాశాను. “అమ్మయ్య, ఎంత హాయిగా ఉందో” అన్నాడు. అంత తేలికపడిన మొహం ఈ రెండేళ్లలో నేను చూడలేదమ్మా, గాజు వెన్నలా విరిగిన రోజున కూడా చూడలేదు.

నువ్వు వచ్చే నెల వస్తున్నావు. రాగానే గుమ్మంలోనే ఆ చెయ్యి పట్టుకుంటావని తెలుసు. పట్టుకుని, “ఇప్పుడు బాగానే ఉంది కదూ?” అంటావు. అలా అనకమ్మా. మనందరం ఆయన్ను అలాగే అడుగుతూ వచ్చాం, ఆయన మన కోసం బాగుందంటూ వచ్చాడు. ఎలా ఉందని అడుగు. అడిగి, ఏం చెప్తాడో వినేదాకా ఆగు. చెప్పడానికి కాస్త సమయం పట్టినా చెయ్యి మాత్రం వదలకు.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూస్తూ,
నీ చిన్నకూతురు